గిత్తల గుంపు దర్జీ

జయరత్నం మదనపల్లెలో మిషనాసుపత్రి నర్సులకు యూనిఫారాలూ, డాక్టర్లకు తెల్లకోట్లూ కుట్టేవాడు. బెంగుళూరు బస్టాండు వెనక సందులో ఆయన అంగడి. అంగడి అంటే ఒక గది, ఒక కుట్టుమిషను, గోడకు ఏసుప్రభువు క్యాలెండరు, గుమ్మం పక్కన ఒక బెంచీ. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. సైకిలు తప్ప మరో బండి నడిపి ఎరగడు; బస్సులో ముందు సీటు దొరికితే ఎదురుగా వచ్చే లారీలను చూడలేక కళ్ళు మూసుకునేవాడు. అలాంటి మనిషి పేరు గిత్తల గుంపుతో కలిపి జనం చెప్పుకునేదాకా వచ్చింది. డెబ్బై మూడో సంవత్సరం వేసవిలో ఒక మధ్యాహ్నం ఆయన అంగడి ముందు ఒక బుల్లెట్టు ఆగడంతో అదంతా మొదలైంది.

దాని మీద వచ్చినవాడు అంజినప్ప. పుంగనూరు పక్క పల్లెలో మెట్టసేద్యం చేసుకునే ఇంటివాడు. మిలిటరీలో చేరి, మోటారుసైకిలు మీద ఒక దండు నుంచి ఇంకో దండుకు జాబులు చేరవేసే పని చేసి, డెబ్బై ఒకటి యుద్ధం చూసి తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు వేలంలో ఒక పాత మిలిటరీ బుల్లెట్టూ, ఒక పెద్ద చుట్ట గుడారం గుడ్డా కొనుక్కొచ్చాడు. ఆ గుడ్డ చుట్టను జయరత్నం బల్ల మీద పెట్టి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఇంగ్లీషు పత్రిక కాగితం ఒకటి తీసి పరిచాడు.

అందులో ఒక ఫోటో. ఏదో అమెరికా ఊళ్ళో ఇరవై ముప్పై మంది మగవాళ్ళు దున్నపోతుల్లాంటి మోటారుసైకిళ్ళ మీద కూర్చుని ఉన్నారు. అందరి వీపులూ ఇటు తిరిగి ఉన్నాయి. ప్రతి వీపు మీదా ఒకటే బొమ్మ, రెక్కలున్న పుర్రె. రోడ్డుకు అటూ ఇటూ ఇళ్ళ తలుపులన్నీ మూసి ఉన్నాయి.

వాళ్ళ సంగతి అంజినప్పకు బెంగుళూరు వర్క్‌షాపులో పనిచేసే ఒక ఆంగ్లో ఇండియన్ మేస్త్రీ చెప్పాడట. పెద్ద యుద్ధం అయిపోయాక ఊళ్ళకు తిరిగొచ్చిన సిపాయిలు కొందరు ఏ పనిలోనూ కుదురుకోలేకపోయారట. మిలిటరీవాళ్ళు చవగ్గా అమ్మేసిన మోటారుసైకిళ్ళు కొనుక్కుని గుంపులు కట్టారట. ఏదో ఒక ఊళ్ళో తాగి అల్లరి చేస్తే పత్రికలవాళ్ళు దాన్ని పదింతలు చేసి రాశారట. అప్పట్నుంచీ వాళ్ళు కనపడితే చాలు, దేశమంతా తలుపులు వేసుకోవడం మొదలుపెట్టింది. బండ్లు నడిపేవాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మంది మర్యాదస్తులేనని ఎవరో పెద్దమనిషి అన్నాడనీ, మిగిలిన ఆ ఒక్కడూ మేమేనని వీళ్ళు రొమ్ము మీద రాసుకున్నారనీ ఆ మేస్త్రీ చెప్పాడట.

ఇదంతా వింటూ జయరత్నం ఆ కాగితం మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. మంచివాళ్ళని అనిపించుకోవడానికి మనుషులు పడే పాట్లు ఆయన చర్చిలోనూ చూశాడు, బజారులోనూ చూశాడు. చెడ్డపేరును మెడలో దండలా వేసుకుని తిరిగేవాళ్ళుంటారని మాత్రం అప్పటిదాకా ఆయనకు తెలియదు.

"పత్రికలోళ్ళు రాసినంత చెడ్డోళ్ళో కాదో నాకు తెలీదప్పా," అన్నాడు అంజినప్ప. "యుద్ధం సూసొచ్చినోడు ఇంట్లో కూసుంటే చెవుల్లో మోత ఆగదు. బండెక్కితే ఆ మోత ఈ మోతలో కలిసిపోతాది. అది మాత్రం నాకు తెలుసు. మేం తొమ్మిది మందిమి ఉండాము. తొమ్మిది కోట్లు కుట్టు. వీపు మీద ఇట్లాంటి పుర్రె ఉండాల."

జయరత్నం కాగితాన్ని మళ్ళీ మడతలు పెట్టాడు.

"కోటు కుడతానప్పా, పుర్రె కుట్టను. నా భార్య మార్తమ్మ ఆసుపత్రిలో ఆయా. దినామూ చావును సూసి ఇంటికొస్తాది. ఈడకొచ్చి కూడా దాన్నే సూడమంటే యెట్ల?"

అంజినప్ప కోపగించుకోలేదు. బెంచీ మీద కూర్చుని, మరేం కుడతావో నువ్వే చెప్పమన్నాడు. జయరత్నం సుద్ద తీసుకుని గుడారం గుడ్డ మీదే గీశాడు. పుంగనూరు గిత్త తల. వెడల్పాటి నొసలు, నెలవంకలా వంగిన పొట్టి కొమ్ములు. అంజినప్ప తలను ఒకవైపుకు వంచి చాలాసేపు చూశాడు. పుంగనూరు గిత్త మేకకంటే కాస్త ఎత్తు ఉంటుంది, అంతే. కానీ బెదిరిందంటే నలుగురు కలిసి పట్టినా ఆగదు. కళ్ళలో కోపం పెట్టమన్నాడు. జయరత్నం పెట్టాడు.

తొమ్మిది కోట్లకూ రెండు నెలలు పట్టింది. ఆ గుడ్డకు సూదులు పుల్లల్లా విరిగేవి. గిత్త తలలు మాత్రం మిషను మీద కాక చేత్తోనే కుట్టాడు. నీరుగట్టువారిపల్లె మగ్గాల దగ్గర్నుంచి మిగులు పట్టు దారం తెచ్చి కళ్ళకు వాడాడు. చిన్నప్పుడు మిషన్ బడిలో ఆయనకు కుట్టు నేర్పిన దొరసాని ఒక పద్ధతి పెట్టింది: గుడ్డను తిరగేసి చూసినా ముడి కనపడకూడదు, దారం మొదలూ చివరా కుట్టు కిందే ఒదిగిపోవాలి. లోపలివైపు ఎవరూ చూడని గుడారం కోటుకు కూడా జయరత్నం అలాగే కుట్టాడు. ఆయనకు వేరేలా రాదు.

కోట్లు తీసుకోవడానికి తొమ్మిది మందీ కలిసి వచ్చారు. రెండు బుల్లెట్లు, నాలుగు జావాలు, మూడు రాజ్‌దూతులు. సందు చాలక వీధిలోనే నిలిపారు. కోట్లు తొడుక్కుని, ఒకరి వీపు ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. తర్వాత బండ్లు స్టార్టు చేసి, ఇద్దరిద్దరు చొప్పున బస్టాండు ముందునుంచి వెళ్ళారు. పూలమ్మే ఆడవాళ్ళు మాట మధ్యలో ఆపేశారు. బస్సు పైన మూటలు కట్టే కూలీ చేతిలో తాడు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. జయరత్నం బెంచీ మీదికెక్కి చూశాడు. రెండు నెలలు తన ఒళ్ళో పడుకున్న గుడ్డ అది. దానికి వీధి వీధంతా దారి ఇస్తోంది.

ఆ తర్వాత వాళ్ళకు గిత్తల గుంపు అనే పేరు పడింది. ఆ పేరుకు కథలు మొలిచాయి. గుర్రంకొండ కోట మెట్ల మీదుగా శిఖరం దాకా బండ్లు ఎక్కించారన్నారు. పచ్చి మాంసం తింటారన్నారు. ఎక్కడ కోళ్ళు పోయినా, ఎవరి కూతురు ఎవరితో వెళ్ళిపోయినా, అటువైపు మోటారుసైకిళ్ళ మోత విన్నామని చెప్పేవాళ్ళు దొరికేవారు. గుంపువాళ్ళు అమాయకులని కూడా కాదు. సరిహద్దు చెక్‌పోస్టు గేటు కింద తలలు వంచి దూరిపోయేవారు. కర్ణాటక నుంచి సారా తెచ్చేవారు. పలమనేరులో ఒక బస్సు కండక్టరును కొట్టారు కూడా. జయరత్నం ఇవన్నీ వినేవాడు. ఎవరైనా ఆ కోట్లు నువ్వే కదా కుట్టిందని అడిగితే అవునని చెప్పేవాడు. ఆ మాటలో భయమూ గొప్పా రెండూ ఉండేవి.

డెబ్బై ఆరులో వాళ్ళలో లక్ష్మీపతి అనేవాడు మొగిలి ఘాటులో లారీ కింద పడి చనిపోయాడు. పుంగనూరులో అతని భార్య రెడ్డెమ్మ, గుంపులో ఒక్కరిని కూడా ఇంటి గుమ్మం తొక్కనివ్వలేదు.

డెబ్బై తొమ్మిదిలో, కుప్పానికి నాలుగు మైళ్ళ దూరంలో దోపిడి జరిగింది. వెంకటేశులు అనే కూరగాయల వ్యాపారి రైలుకు సరుకు వేసి ఎద్దులబండి మీద తిరిగొస్తుంటే, రెండు మోటారుసైకిళ్ళ మీద ముగ్గురు వచ్చి అడ్డగించారు. మొహాలకు గుడ్డలు కట్టుకున్నారు. వెంకటేశులు పిరికివాడు కాదు, ఒకడిని వెనకనుంచి పట్టుకున్నాడు. తలమీద దెబ్బ పడి కింద కూలిపోయేసరికి అతని చేతుల్లో మిగిలింది ఒక ఖాకీ రంగు కోటు. వీపు మీద గిత్త తల.

పోలీసులు అంజినప్పనూ ఇంకో ఇద్దరినీ పట్టుకున్నారు. పత్రికలో 'గిత్తల ముఠా అరెస్టు' అని సగం పేజీ వచ్చింది. అంజినప్ప తరఫు వకీలు ఆదినారాయణ మదనపల్లెకొచ్చి జయరత్నం బెంచీ మీద కూర్చుని సంగతి విడమరిచి చెప్పాడు. గుంపులో బతికున్న ఎనిమిది మంది కోట్లూ ఉన్నాయి. రోడ్డు మీద దొరికింది చచ్చిపోయిన లక్ష్మీపతి కోటేననీ, దాన్నే ఎవరో తొడుక్కుని దోపిడికి వచ్చారనీ పోలీసుల వాదన. అది కాదని చెప్పాలంటే రెండు కావాలి: లక్ష్మీపతి కోటు, దాన్ని కుట్టిన మనిషి.

చర్చి పెద్ద ఒకాయన జయరత్నాన్ని పిలిచి, రౌడీల పక్షాన బోనెక్కితే ఆసుపత్రి కుట్టుపని నిలబడదేమోనని మెత్తగా చెప్పాడు. పైగా దొరికిన కోటును జయరత్నం ఇంకా కళ్ళతో చూడలేదు. అది తను కుట్టిందే అయితే ఆ మాట కూడా బోనులో నిలబడి చెప్పాలి. మార్తమ్మ ఇదంతా విని ఒక్కటే అడిగింది.

"నువ్వు కుట్టింది నువ్వు గుర్తుపట్టలేవా?"

"పడతాను."

"అయితే పోయి సూసిందే సెప్పు. మిగిలింది దేవుడు సూసుకుంటాడు."

ఆయన ముందు పుంగనూరు వెళ్ళాడు. రెడ్డెమ్మ ఇంటి ముందు వేరుశనక్కాయలు వలుస్తోంది. వచ్చిన పని చెప్పగానే చేతిలోని చేట పక్కన పెట్టింది.

"ఆ కోటు నా మొగుణ్ణి తిన్నాది. దాన్ని నేనేమిటికి బయటికి తియ్యాల?"

"తినింటే, కుట్టినోడిని నాకూ అందులో పాలు ఉండాదమ్మా," అన్నాడు జయరత్నం. అరుగు చివర కూర్చున్నాడు.

ఆమె మళ్ళీ చేట అందుకుని కాయలు వలిచింది. చివరికి, "నువ్వు కుట్టకపోయినా ఆయప్ప బండెక్కేవోడే," అంది. "వాయిదా ఎప్పుడో సెప్పు. ఎవురి సేతికీ ఇచ్చేది లేదు. నేనే తీసకొస్తా."

వాయిదా రోజు ఉదయం పది గంటలకు ఆమె బస్సు దిగింది. ఒళ్ళో ఇనుప ట్రంకు పెట్టుకుని కుప్పం దాకా వచ్చింది. కోర్టు గదిలో దాన్ని తెరిస్తే వేపాకు వాసన వచ్చింది.

తొమ్మిది కోట్లనూ బల్ల మీద వరసగా బోర్లా పరిచారు. ఆరేళ్ళ తర్వాత జయరత్నం వాటిని ఒకచోట చూడడం అదే మొదటిసారి. కాసేపు ఆయనకు కోర్టు గుర్తు లేదు. ఒక కోటు మోచేయి దగ్గర బండి పొగగొట్టం కాల్చిన మచ్చ. ఒకదానికి భుజం చిరిగితే ఎవరో ఆడమనిషి చీర దారంతో అతుకు వేసింది. ఎండకూ వానకూ గుడ్డ రంగు పోయి బూడిదలా అయింది. లక్ష్మీపతి కోటు ఎడమ వైపు నల్లగా గట్టిపడి ఉంది. అటువైపు ఆయన చూపు నిలపలేకపోయాడు. ఇన్ని పడినా తొమ్మిది గిత్తల్లో ఒక్కదాని కొమ్ము కూడా ఊడలేదు. తన చేతి పని ఇన్ని వేల మైళ్ళు తిరిగి, ఇన్ని చూసి, ఇలా తన ముందుకొచ్చి పడుకుంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు పదో కోటు పెట్టారు. గుడ్డ దాదాపు అదే. గిత్త తల కూడా చూపుకు అదే. జయరత్నం దాన్ని తిరగేసి లోపల వేలితో తడిమాడు. కొమ్ము మొదట్లో ఒకటి, కంటి దగ్గర రెండు, ముక్కు కింద ఒకటి, శనగ గింజల్లా ముడులు తగిలాయి.

ఇది తను కుట్టింది కాదని చెప్పాడు. ఎందుకో చెప్పాడు. తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా తిప్పి చూపించాడు.

సర్కారు వకీలు తెలివైనవాడు. దర్జీకి ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా కుట్టడం కష్టం కాదు కదా అన్నాడు. మేజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, సూదీ దారమూ ఉన్నాయా అని జయరత్నాన్ని అడిగాడు. ఆయన చొక్కా మడతలో సూది ఎప్పుడూ ఉండేది. గుమాస్తా ఒక గుడ్డ ముక్క తెచ్చి ఇచ్చాడు. బోనులోనే నిలబడి, కమ్మీకి మోచేతులు ఆనించి జయరత్నం ఒక కొమ్ము కుట్టడం మొదలుపెట్టాడు.

పది నిమిషాలు పట్టి ఉంటుంది. పైన ఫ్యాను కిర్రుమంటోంది. మొదట్లో గుసగుసలాడినవాళ్ళు క్రమంగా ఆగిపోయారు. గుమ్మం దగ్గరి కానిస్టేబుళ్ళు ఒక అడుగు లోపలికొచ్చారు. ముద్దాయిల బోనులో అంజినప్ప రెండు చేతులూ కట్టుకుని, దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. సూది లోపలికి వెళ్ళి బయటికి రావడం తప్ప ఆ గదిలో మరేదీ కదల్లేదు.

మేజిస్ట్రేటు ఆ ముక్కను తీసుకుని వెలుతురు వైపు పట్టి, అటూ ఇటూ తిప్పాడు.

"ఎక్కడ మొదలుపెట్టావో చూపించు."

"అది కనపడకూడదనే నేర్పించినారయ్యా."

తీర్పు రెండు వారాల తర్వాత వచ్చింది. దోపిడి కేసు కొట్టేశారు. అసలు దొంగలెవరో, ఆ పదో గిత్తను కుట్టిందెవరో ఎప్పటికీ తేలలేదు. ఆ రోజు కోర్టు వరండాలో వెంకటేశులు జయరత్నం దగ్గరికొచ్చాడు. తలమీద దెబ్బ మానినచోట వెంట్రుకలు మొలవలేదు. కోపం లేకుండానే మాట్లాడాడు.

"నువ్వు అబద్ధం చెప్పలేదని నాకు తెలుసప్పా. కానీ గిత్త బొమ్మ కనపడితే నేనింక బండి దిగి పక్కకు పోయేవాణ్ణే. ఎవురు కుట్టినారో రోడ్డు మీద తిరగేసి సూస్తానా?"

జయరత్నం అతనికి చేతులు జోడించి వరండా దిగాడు.

ఆయన బస్సుకని బయల్దేరితే అంజినప్ప పోనివ్వలేదు. బుల్లెట్టు వెనక సీటు తుడిచి చూపించాడు. భయమవుతుందని జయరత్నం దాచకుండా చెప్పాడు. "నా నడుం పట్టుకో అన్నా. కళ్ళు మూసుకోవద్దు, అంతే," అన్నాడు అంజినప్ప. అప్పటిదాకా అప్పా అని పిలిచినవాడు మొదటిసారి అన్నా అన్నాడు.

ఎనిమిది బండ్లు కదిలాయి. ముందు కొండలు మీదికొస్తున్నట్టనిపించింది. తర్వాత గుండె అదురూ బండి అదురూ ఏది ఏదో తెలియకుండా పోయింది. చింతచెట్లు తలమీదుగా ఎగిరిపోతున్నాయి. గాలికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆయన మూసుకోలేదు. యాభైకి దగ్గరపడ్డ వయసులో, లోకం ఇంత వేగంగా ఉంటుందనీ, అందులో ఇంత నిమ్మళం ఉంటుందనీ ఆయనకు తెలిసింది. అంజినప్ప చెప్పిన మోత సంగతి అర్థమైంది.

వి.కోట దాటాక ఒక పల్లె వచ్చింది. గుంపు ఊళ్ళోకి రాగానే ఒక తల్లి రోడ్డు పక్క ఆడుకునే బిడ్డను రెక్క పట్టి లోపలికి లాక్కుంది. తలుపులు ఒకదాని వెంట ఒకటి మూసుకున్నాయి. ఆరేళ్ళ కిందట పత్రిక కాగితంలో చూసిన మూసిన తలుపులను జయరత్నం ఇప్పుడు రెండోవైపు నుంచి చూశాడు. ఆ బిడ్డకు చెయ్యి ఊపాలనుకున్నాడు కానీ నడుం వదలడానికి ధైర్యం చాలలేదు. ఆ తలుపుల చప్పుడు మదనపల్లె దాకా ఆయన వెంట వచ్చింది. అయినా అంజినప్ప ఎప్పుడు బండెక్కమన్నా మళ్ళీ ఎక్కుతానని కూడా ఆయనకు ఆ దారిలోనే తెలిసిపోయింది.

ఇంటి ముందు దిగితే మార్తమ్మ గుమ్మంలోకి వచ్చి, దుమ్ముతో ఎర్రబడ్డ ఆ మొహం చూసి, కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఆసుపత్రి పని పోలేదు. చర్చి పెద్ద మాత్రం నాలుగు నెలలు పలకరించలేదు. కేసు కొట్టేసిన సంగతి పత్రికలో ఎక్కడైనా వస్తుందేమోనని జయరత్నం వారం రోజులు వెతికాడు. చివరి పేజీలో, మార్కెట్ ధరల కింద మూడు పంక్తులు కనపడ్డాయి.

ఎనభై నాలుగు నాటికి గుంపు దానంతటదే కరిగిపోయింది. ఒకడికి నడుం పట్టేసింది, ఒకడు గ్రానైటు క్వారీలో చేరాడు. అంజినప్ప బుల్లెట్టుకు రెండువైపులా క్యాన్లు కట్టి పుంగనూరు డెయిరీకి పాలు తోలడం మొదలుపెట్టాడు. జయరత్నం అటు వెళ్ళినప్పుడల్లా ఇద్దరూ ఎండ తగ్గేదాకా అరుగు మీద కూర్చునేవారు.

ఎనభై ఆరులో అలాంటి ఒక సాయంత్రం జయరత్నం పుంగనూరులో బస్సెక్కాడు. పక్క సీటులో ఎవరో పెద్దాయన, గిత్తలు కొనడానికి వచ్చినవాడు. మాటల్లో మాటగా గిత్తల గుంపు గురించి ఎత్తుకున్నాడు. వాళ్ళు ఇరవై మంది అన్నాడు. ఆరున్నర అడుగులకు తక్కువ మనిషి లేడన్నాడు. వాళ్ళను ఉరి తియ్యబోతుంటే మదనపల్లె నుంచి ఒక దర్జీ వచ్చాడట. జడ్జీ ముందు కళ్ళకు గంత కట్టుకుని, ఒక్క గడియలో నిండు గిత్తను కుట్టాడట. ఆ గిత్త గుడ్డలోనుంచి తల తిప్పి జడ్జీని చూసిందట.

నిజం ఏమిటో చెప్పాలని జయరత్నం ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు. కానీ ఆ పెద్దాయన కళ్ళు అంతంత చేసుకుని చెబుతుంటే జయరత్నానికే ఒళ్ళు పులకరించింది. అలాంటి దర్జీని తనూ ఒకసారి చూస్తే బాగుండుననిపించింది.

"తర్వాత ఏమాయప్పా?" అని అడిగి, సీటులో కొంచెం ఆ పెద్దాయన వైపు జరిగి కూర్చున్నాడు.